పందులకు వచ్చిన పడిశపు జ్వరము

1918వ సంవత్సరము శరత్కాలమున అమెరికా దేశములోని అయోవా రాష్ట్రమందు, సీడార్ రాపిడ్స్ అను పట్టణములో పందుల ప్రదర్శన యొకటి జరిగెను. అయోవా మొక్కజొన్న పండు సీమ. ఆ గింజలతో మేపిన పందులే అచ్చటి రైతుల కలిమి. మేలుజాతి పందులను వెంటబెట్టుకొని రైతులు దూర ప్రాంతముల నుండి ఆ ప్రదర్శనకు వచ్చిరి. అచ్చట కొన్ని పందులు మేత ముట్టక, ముక్కులు కారుచు, దగ్గుచు, డొక్క లెగరవేయుచు నేలకొరిగినవి. రైతులు తమ పందులను ఇండ్లకు చేర్చుకొనిరి. వానితోపాటు జబ్బు కూడ ఊరూరికిని చేరెను. కొద్ది వారములలో ఆ సీమయందు లక్షలాది పందులు రోగమున పడినవి. అందు చాల భాగము వారము దినములలో లేచి తిరిగినవి గాని, వేలకొలది చచ్చినవి.

ఆ దినములలో మనుష్యులును అట్టి జ్వరముతోనే మంచము పట్టియుండిరి. లోకమంతటను వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి అది. మన దేశమున దానికి ‘బొంబాయి జ్వరము’ అని పేరు వచ్చెను. ఒక్క భారతదేశముననే కోటిమందికి పైగా దానికి బలియైరి. అయోవా పల్లెలలో ప్రభుత్వ పశువైద్యుడుగా తిరుగుచుండిన జె. ఎస్. కోయెన్ అను నాతడు ఒక వింతను గమనించెను. ఒక ఇంటిలో మనుష్యులు జ్వరపడిన వెంటనే వారి దొడ్డిలోని పందులును జ్వరపడుచుండెను. మరియొక చోట ముందు పందులు, వెనుక మనుష్యులు. లక్షణములు రెంటికిని ఒక్కటే. ఇది పందులకు కొత్తగా వచ్చిన జబ్బనియు, మనుష్యుల ‘ఫ్లూ’యే వానికిని సోకినదనియు ఆయన ప్రకటించెను. పందుల పెంపకముపై బ్రదుకువారికి ఈ మాట రుచింపలేదు. ఆ పేరు విన్నచో జనులు పంది మాంసము కొనుట మానుదురని వారి భయము. అయినను కోయెన్ పేరు మార్చుటకు ఒప్పుకొనలేదు. జీవనోపాధికి, సత్యమునకు నడుమ ఇట్టి పెనుగులాట ఈ రోగచరిత్రలో పలుమార్లు కానవచ్చును.

కోయెన్ మాటకు ప్రయోగశాలలో రుజువు దొరకుటకు పది సంవత్సరములకు పైగా పట్టెను. దానిని సాధించినవాడు రిచర్డ్ షోప్. ఆయన అయోవాలోనే పుట్టిన వైద్యుడు. ప్రిన్స్‌టన్ వద్దనున్న రాక్‌ఫెల్లర్ సంస్థ ప్రయోగశాలలో జంతు రోగములను పరిశోధించుచు, 1928లో వేరొక పందుల రోగమును చూచుటకై స్వరాష్ట్రమునకు వచ్చి, అచ్చటి దొడ్లలో ఈ జ్వరమును చూచెను. చలి మొదలగునప్పటికి అది ఏటేట వచ్చుచుండెను. షోప్ జబ్బు పందుల శ్వాసనాళముల నుండి ద్రవమును తీసి, మిక్కిలి సన్నని రంధ్రములు గల వడపోత గొట్టముల గుండ వడకట్టెను. బాక్టీరియా ఆ రంధ్రములలో దూరజాలదు. వడకట్టగా వచ్చిన తేటను ఆరోగ్యముగానున్న పందుల ముక్కులలో వేయగా వానికి తేలికపాటి జ్వరము వచ్చెను. ఆ తేటతో ఒక విధమగు బాక్టీరియాను కూడ చేర్చి వేసినప్పుడు రోగము తీవ్రమయ్యెను. అనగా జబ్బునకు మూలము బాక్టీరియా కాదు. దానికంటె చిన్నదగు వైరసు. బాక్టీరియా దానికి తోడుదొంగ మాత్రమే. 1931లో షోప్ ఈ ఫలితములను ప్రకటించెను. తొలుత ఆయనతో కలిసి పనిచేసిన పాల్ లూయిస్ అను శాస్త్రజ్ఞుడు దానిని చూడలేదు. బ్రెజిల్ దేశమున పీతజ్వరమును పరిశోధించుచు, 1929లో ఆ జ్వరముతోనే ఆయన మరణించెను.

మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసు దొరకకముందే పందుల వైరసు దొరకినది. రెండు సంవత్సరముల తరువాత, 1933లో, లండనునందు విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు మనుష్యుల వైరసును పట్టుకొనిరి. ఎలుకలకును, కుందేళ్లకును మనుష్యుల పడిశము అంటుట లేదని వారు విసిగియుండగా, ఫెరెట్ అను ముంగిస వంటి చిన్న జంతువు వారికి అక్కరకు వచ్చినది. జ్వరపడినవాని గొంతు పుక్కిలించిన నీటిని ఫెరెట్ ముక్కులో వేయగా అది మనుష్యుని వలెనే తుమ్మి, జ్వరపడెను. ఈ వైరసును పందుల వైరసుతో పోల్చి చూడగా రెండును దగ్గరి చుట్టములని తేలెను.

షోప్ అంతటితో నిలువలేదు. ఒకసారి వైరసు సోకిన దేహము దానిని ఎదిరించు ప్రతిరక్షకములను తయారుచేసికొని, వానిని రక్తములో చిరకాలము నిలుపుకొనును. కనుక రక్తమును పరీక్షించిన, ఆ మనిషి పూర్వము ఏ వైరసుతో పోరాడెనో తెలియును. షోప్ పలు వయస్సుల వారి రక్తమును సేకరించి, అది పందుల వైరసును అణచునా లేదా అని చూచెను. పెద్దవారి రక్తము అణచెను. పండ్రెండేండ్ల లోపు పిల్లల రక్తము అణచలేదు. ఆ పెద్దలందరును పందులను పెంచినవారు కారు. మరి వారి రక్తములోనికి పందుల వైరసు ఆనవాలు ఎట్లు వచ్చినది? 1918లో మనుష్యులను చంపిన వైరసే పందులలో ప్రవేశించి నిలిచిపోయెనని, ఆ మహమ్మారి ముగిసిన తరువాత పుట్టిన పిల్లలు దానిని ఎరుగరని ఆయనయు, లండనులో లెయిడ్లాయు ఊహించిరి. 1918 నాటి వైరసు నిర్మాణమును పరిశోధకులు చాల కాలమునకు తరువాత భద్రపరుపబడిన దేహభాగముల నుండి చదువగలిగినప్పుడు, ఈ ఊహ మూలమున సరియైనదేయని తేలినది.

వైరసు ఎట్లు మారునో తెలిసికొన్నగాని దాని జాడను పట్టు విధము బోధపడదు. ఇన్‌ఫ్లుయెంజా వైరసును ఎనిమిది తాళపత్రముల చిన్న గ్రంథముగా ఊహించవచ్చును. అది తన ప్రతులను తయారుచేసికొనవలెనన్న పంది శ్వాసనాళములోనో, మనుష్యుని ముక్కులోనో ఒక జీవకణమున ప్రవేశింపవలెను. ఆ కణము వేలకొలది ప్రతులను వ్రాసియిచ్చును. పూర్వము తాళపత్రములకు నకళ్లు వ్రాయు వ్రాయసగాండ్రు అక్షరమునకు మారుగా అక్షరము వ్రాసి తప్పులు చేసినట్లే, ఇచ్చటను తప్పులు పడును. వైరసునకు ఆ తప్పులను సరిదిద్దు సాధనము లేదు. ఒక్కొక్క తప్పు వలన దాని పైపొర కొంచెముగా మారును. కొన్నాళ్లకు పాత ప్రతిరక్షకములు దానిని గుర్తింపలేకపోవును. మనుష్యులకు పడిశపు జ్వరము మరల మరల వచ్చుటకు కారణమిదియే.

దీనికంటె పెద్ద మార్పు మరియొకటి కలదు. ఒకే కణములో రెండు భిన్నమగు వైరసులు ఒకేసారి ప్రవేశించినయెడల, రెండు గ్రంథముల పత్రములును కలిసిపోవును. ఒకదాని నుండి ఆరు పత్రములును, వేరొకదాని నుండి రెండును చేరి క్రొత్త గ్రంథము ఏర్పడవచ్చును. పంది దేహము ఇట్టి కలయికకు అనువైనది. పక్షుల వైరసులు పట్టుకొనునట్టి కొక్కెములును, మనుష్యుల వైరసులు పట్టుకొనునట్టి కొక్కెములును దాని శ్వాసనాళపు కణములపై కలవు. అందుచేతనే శాస్త్రజ్ఞులు పందిని ‘కలుపు పాత్ర’ అనిరి. అయితే ఈ మాటను మితిమీరి నమ్మరాదు. రెండు విధముల కొక్కెములును మనుష్యుని శ్వాసకోశమున కూడ కలవని తరువాత తెలిసినది. పందిని ఒక్కదానినే దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు.

పంది విషయమున ఇంకొక విశేషమున్నది. మాంసమునకై పెంచు పంది సుమారు ఆరు నెలలు మాత్రమే బ్రదుకును. దొడ్డిలో నిత్యము క్రొత్త పిల్లలు వచ్చుచుండును. వానికి ఏ వైరసును తెలియదు. కనుక వైరసు పాత వేషముతోనే వానిని సోకగలదు, వేషము మార్చుకొను తొందర దానికి తక్కువ. మనుష్యులలో ఒక వైరసు పదేండ్లలో గుర్తు తెలియకుండ మారిపోవుచుండగా, పందులలో దాని సంతతి చాల నెమ్మదిగా మారును. ఆ విధముగా మనుష్యులు మరచిపోయిన పాత వైరసులు పందులలో దాగియుండును. 1918 వైరసు సంతతి అమెరికా పందులలో అట్లే ఎనుబదేండ్లు దాటి నిలిచినది. 1979లో యూరపు పందులలోనికి పక్షుల నుండి వేరొక వైరసు వచ్చి స్థిరపడినది. 1998లో అమెరికా పందులలో కనబడిన వైరసున మనుష్యుల పత్రములు, పక్షుల పత్రములు, పాత పందుల వైరసు పత్రములు మూడును కలిసియుండెను.

ఈ వంశములను శాస్త్రజ్ఞులు కనిపెట్టు విధానము మన గ్రంథ పరిష్కర్తల విధానమును పోలియున్నది. బ్రౌనుదొర వేమన పద్యములకు ఎన్నో తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించెను. రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకే చోట నున్నయెడల అవి రెండును ఒకే మాతృక నుండి వచ్చినవని పండితులు గ్రహింతురు. వైరసుల విషయమునను అంతియే. ఒక దొడ్డిలో దొరకిన వైరసు పత్రములను వేయి మైళ్ల దూరమున దొరకిన వైరసు పత్రములతో పోల్చి, ఏ ఏ తప్పులు రెంటికిని సమానమో చూచి వంశవృక్షమును గీయుదురు. తప్పులు ఏటికి సుమారు ఎన్ని పడునో తెలిసినందున, రెండు కొమ్మలు ఎప్పుడు చీలినవో కూడ లెక్కింపగలరు.

ఇందుకు ముందు వైరసు చేతికి చిక్కవలెను. పందిని పట్టుకొని ముక్కులో దూది పుల్లను త్రిప్పి తీయుట పాత పద్ధతి. బలిసిన పంది దానికి సులభముగా ఒప్పుకొనదు. ఇటీవలి కాలమున ఒక తేలికయగు ఉపాయము వాడుకలోనికి వచ్చినది. దొడ్డిలో లావుపాటి నూలు త్రాడును వ్రేలాడదీయుదురు. క్రొత్త వస్తువు కనబడినచో నమలి చూడక మానని జంతువు పంది. ఒకదాని తరువాత నొకటి వచ్చి ఆ త్రాడును నమలును. కొంతసేపటికి త్రాడును తీసి పిండిన, ఆ దొడ్డిలోని పందులన్నిటి లాలాజలమును ఒక సీసాలోనికి దిగును. ఇదిగాక కబేళాలకు వచ్చు పందుల ముక్కుల నుండియు ద్రవమును తీయుదురు. హాంగ్‌కాంగ్‌లో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కబేళాలో పండ్రెండు సంవత్సరములు విడువక ఈ పని చేసి, 650కి పైగా వైరసులను సేకరించిరి. ఇంతటి ఓపికతో పరిశీలించిన చోట్లు లోకమున చాల కొద్ది.

ఆ కొరత ఎంత ప్రమాదకరమో 2009లో తెలిసినది. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికాయందలి దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలకు వచ్చిన జ్వరమును పరీక్షింపగా, మునుపెన్నడును ఎరుగని వైరసు కనబడెను. మెక్సికో దేశమున అప్పటికే అది జనులను చంపుచుండెను. దాని ఎనిమిది పత్రములలో ఆరు, అమెరికా పందులలో 1998 నుండి తిరుగుచుండిన మిశ్రమ వైరసువి; రెండు, యూరపు పందుల వైరసువి. మహాసముద్రమునకు చెరియొక దరినున్న పందుల వైరసులు ఎచ్చట కలిసినవి? మొదట వెరాక్రూజ్ ప్రాంతమున పెద్ద పందుల క్షేత్రముల సమీపముననున్న ఒక పల్లెపై అనుమానము పడినది గాని, అచ్చటి పందులలో ఆ వైరసు దొరకలేదు. 2016లో గాని జవాబు రాలేదు. మెక్సికో మధ్య పశ్చిమ భాగమునందలి పందుల వైరసులను పరీక్షింపగా, మహమ్మారి వైరసునకు అతి సమీప బంధువులు వానిలో కనబడెను. బ్రదికియున్న పందుల వ్యాపారము వలన యూరపు వైరసు అచ్చటికి చేరి, సంవత్సరముల తరబడి ఎవరి కంటను పడక పెరిగినది. ఆ ప్రాంతమున ఎవరును త్రాళ్లు కట్టలేదు, దూదిపుల్లలు త్రిప్పలేదు.

ఈ వైరసు మన దేశమున మొట్టమొదట గుర్తింపబడినది హైదరాబాదుననే. 2009 మే నెలలో అమెరికా నుండి విమానములో వచ్చిన ఒక ప్రయాణికునిలో అది కనబడెను. జూను 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించెను. మొదటి సంవత్సరమున లోకమంతటను లక్షన్నర మొదలు అయిదున్నర లక్షలకు పైబడిన సంఖ్య వరకు జనులు దీనివలన మరణించియుందురని అమెరికా రోగనివారణ కేంద్రము వారి అంచనా. చనిపోయినవారిలో అధిక సంఖ్యాకులు అరువదియైదేండ్ల లోపువారు. సామాన్యముగా పడిశపు జ్వరము ముసలివారినే ఎక్కువగా పొట్టనబెట్టుకొనును. ఈసారి వారికి కొంత రక్షణ కలిగినది. వారి బాల్యమున 1918 వైరసు సంతతి మనుష్యులలో తిరుగుచుండెను. దాని పోలిక పందులలో చెడక నిలిచినందున, ముసలివారి రక్తము దానిని గుర్తించినది. షోప్ 1930ల దశకమున సీసాలలో చూచిన వింతయే, ఈసారి లోకమంత విశాలముగా మరల కనబడినది.

పేరు గురించిన తగవు కూడ మరల వచ్చెను. జనులు దీనిని ‘స్వైన్ ఫ్లూ’ అని పిలువగా, ఉడికించిన పంది మాంసము వలన ఈ జబ్బు రాదని అధికారులు ఎంత చెప్పినను వినువారు తక్కువైరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరును విడిచి ‘హెచ్1ఎన్1’ అని వాడసాగెను. ఈజిప్టు ప్రభుత్వము దేశములోని పందులనన్నిటిని, సుమారు మూడు లక్షలను, చంపుటకు ఉత్తరువు చేసెను. ఆ దేశపు పందులలో వైరసు కనబడియుండలేదు. కైరో నగరపు చెత్తను ఇంటింట సేకరించి, అందలి తిండి పదార్థములతో పందులను మేపుకొని బ్రదుకు బీదలు కలరు. వారిని జబ్బాలీను లందురు. పందులు పోవుటతో వారి బ్రదుకుతెరువు పోయెను. నగరపు వీధులలో చెత్త కుప్పలు పెరిగెను. జ్వరము మాత్రము మనుష్యుల నుండి మనుష్యులకు ప్రాకుచునే యుండెను.

తొందరపాటునకు అంతకు పూర్వమే ఒక నిదర్శనము కలదు. 1976 ప్రారంభమున న్యూజెర్సీ రాష్ట్రమందలి ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరములో ఒక యువ సైనికుడు జ్వరముతో మరణించెను. అతనిలో పందుల వైరసు దొరకినది. శిబిరమున సుమారు 230 మందికి అది సోకియుండెనని రక్తపరీక్షల వలన తెలిసినది. 1918 మరల వచ్చునని భయపడి ప్రభుత్వము దేశప్రజలందరికిని టీకాలు వేయుటకు పూనుకొనెను. నాలుగు కోట్లకు పైగా జనులకు టీకాలు వేసిరి. వైరసు ఆ శిబిరము దాటి రాలేదు. టీకా వేసికొన్నవారిలో కొందరికి, లక్షకు సుమారు ఒక్కరి చొప్పున, కాలుచేతులు చచ్చుబడు నరముల వ్యాధి అధికముగా కనబడుటచే డిసెంబరులో ఆ పని నిలిపివేసిరి. నాటి అధికారులను నిందించుట సులభము. ఏ వైరసు శిబిరముననే ఆగిపోవునో, ఏది లోకమును చుట్టునో ముందుగా చెప్పు విద్య నాడు లేదు. నేటికిని సంపూర్ణముగా లేదు. పందులలో ఏ వైరసులు ఎచ్చట ఎంతకాలముగా తిరుగుచున్నవో తెలిసియున్నయెడల, ఊహకు కొంత ఆధారమైన దొరకును.

వైరసు ప్రయాణమునకు రహదారులు వేయువారు మనుష్యులే. అమెరికాలో పంది పిల్లలు అనేకము ఉత్తర కరోలినా మొదలగు దక్షిణ రాష్ట్రములలో పుట్టును. వానిని లారీలలో నింపి, మొక్కజొన్న చౌకగా దొరకు అయోవా వైపునకు మేపుటకై పంపుదురు. వైరసుల వంశవృక్షములను దేశపటముపై పరచి చూడగా, వైరసులును ఆ లారీల దారినే దక్షిణము నుండి ఉత్తరమునకు నడచినవని తేలెను. పందులు అధికముగానున్న సీమయే వైరసులకు పుట్టినిల్లని అంతవరకు తలచిరి; అది అవి వచ్చి చేరు పల్లము మాత్రమే.

మనుష్యుల నుండి పందులకు వైరసు సోకుట, పందుల నుండి మనుష్యులకు సోకుట కంటె అరుదు కాదు. 2009లో పుట్టిన మహమ్మారి వైరసు రెండు సంవత్సరములలో కనీసము 49 మారులు మనుష్యుల నుండి మరల పందులలో ప్రవేశించెనని వంశవృక్షములు తెలుపుచున్నవి. అందుచేత పడిశము పట్టిన పనివారిని పందుల దొడ్డిలోనికి రావలదని క్షేత్రములవారు కోరుచుందురు.

2012 వేసవిలో ఇండియానా, ఒహయో మొదలగు రాష్ట్రముల గ్రామీణ ప్రదర్శనలలో 300 మందికి పైగా పందుల వైరసు సోకినది. వారిలో అధిక భాగము పాఠశాల విద్యార్థులు. అచ్చటి పల్లెలలో పిల్లలు పంది పిల్లలను స్వయముగా మేపి, కడిగి, ప్రదర్శనకు తెచ్చి బహుమతులకై పోటీపడుట ఆచారము. దినముల తరబడి వాని ప్రక్కనే గడుపుదురు. ఆ పందులలో చాల భాగము దగ్గలేదు, ముక్కు కారలేదు, చూచుటకు నవనవలాడుచుండెను. ప్రదర్శనశాలలో వైరసు ఒక పంది నుండి మరియొక పందికి ప్రాకుటకు కొంత వ్యవధి పట్టును గనుక, పందులను మూడు దినములకు మించి అచ్చట ఉంచరాదనియు, వాని దగ్గర తినుబండారములు తినరాదనియు, వెలుపలికి వచ్చినంతనే చేతులు కడుగుకొనవలెననియు ఆరోగ్యాధికారులు నియమములు సూచించిరి. ప్రదర్శన ముగిసి పందులు బండ్లెక్కకముందు పరిశోధకులు వాని ముక్కుల నుండి ద్రవమును సేకరింతురు. అందు దొరకిన వైరసుల వివరములు ఇతర దేశముల వానితో చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటికి రెండు పర్యాయములు నిపుణులను సమావేశపరచి ఆ పట్టికలను పరిశీలింపజేయును. మనుష్యులకు ముప్పు తేగలదని తోచిన పందుల వైరసునకు టీకా మందు బీజమును అప్పుడే సిద్ధపరతురు.